వానలో ఆగే చోటేది?

చైత్ర, వైశాఖ మాసాల సాయంకాలాల్లో కోల్‌కతా తూర్పు శివారున ఉన్న న్యూ టౌన్‌లో ఆకాశం చూస్తుండగానే రంగు మారుతుంది. వాయవ్యాన నల్లని మేఘం లేస్తుంది. ముందు దుమ్ము, ఆ వెనుక ఈదురుగాలి, దాని వెన్నంటి ఉరుములతో జడివాన. బెంగాలీలు కాలబైశాఖి అని పిలుచుకునే ఈ గాలివాన ఎండకు మాడిన నేలకు, జనానికి ఊరట. కార్యాలయాల నుంచి మోటార్ సైకిళ్లపై ఇళ్లకు బయలుదేరినవారికి మాత్రం అది ప్రాణసంకటం. విశ్వ బంగ్లా సరణి వంటి విశాలమైన రహదారిపై గాలి అడ్డూ ఆపూ లేకుండా పక్కనుంచి కొడుతుంది. చెట్టు కిందికి చేరితే కొమ్మ విరిగి మీద పడుతుందేమోనన్న భయం. ముందుకు సాగితే తడి రోడ్డుపై జారిపడతామేమోనన్న భయం. చివరకు ఏ వంతెన కిందనో పదుల సంఖ్యలో బండ్లు రోడ్డులో సగభాగం ఆక్రమించి నిలుస్తాయి. వెనుకనుంచి వచ్చే బస్సు డ్రైవరుకు వాన తెరలో ఆ గుంపు ఆఖరి క్షణం వరకు కనపడదు.

ఈ దృశ్యం న్యూ టౌన్‌కు మాత్రమే పరిమితం కాదు. హైదరాబాద్‌లో హైటెక్ సిటీ పరిసరాల ఫ్లైఓవర్ల కింద, విజయవాడ జాతీయ రహదారి వంతెనల కింద, విశాఖలో మూసివున్న దుకాణాల చూరుల కింద వానాకాలమంతా కనిపించేదే. ప్రతికూల వాతావరణంలో ద్విచక్ర వాహనచోదకుడి చేతిలో ఉన్న అన్నిటికన్నా మేలైన రక్షణ బండి ఆపివేయడమే. ఆ ఒక్క రక్షణను వినియోగించుకునే వీలు మన నగరాలు అతనికి కల్పించడం లేదు. ఆగడానికి చోటు లేదు. చోటు దొరికినా ఆగనిచ్చే కొలువు లేదు. ప్రమాదం జరిగిన మర్నాడు మాత్రం తప్పంతా చోదకుడి దూకుడుదేనని తేల్చివేయడం పరిపాటి అయింది.

సమస్య తీవ్రత ఎంతో అధికారిక లెక్కలే చెబుతున్నాయి. కేంద్ర రోడ్డు రవాణా మంత్రిత్వ శాఖ నివేదిక ప్రకారం 2022లో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగి 1,68,491 మంది ప్రాణాలు కోల్పోయారు. ఈ మృతుల్లో 44 శాతానికి పైగా ద్విచక్ర వాహనాలపై ప్రయాణిస్తున్నవారే. హెల్మెట్ ధరించని కారణంగా మరణించినవారి సంఖ్య 50,029. అందులో 14,337 మంది వెనుక సీటులో కూర్చున్నవారు. దేశంలో రోడ్డుపై రాలిపోతున్న ప్రతి ఐదు ప్రాణాల్లో రెండింటికి పైగా మధ్యతరగతి, కార్మిక కుటుంబాల ప్రధాన వాహనమైన మోటార్ సైకిల్ మీదనే పోతున్నాయన్నమాట.

ఇక్కడ ఒక వాస్తవాన్ని దాచనక్కరలేదు. అదే నివేదిక ప్రకారం దాదాపు మూడు వంతుల ప్రమాదాలు నిర్మలమైన వాతావరణంలోనే జరుగుతున్నాయి. దీన్ని చూపి, వాన, మంచు అంత పెద్ద కారణాలు కావని వాదించేవారున్నారు. అది తొందరపాటు నిర్ధారణ. మన దేశంలో ఏడాదిలో అత్యధిక దినాలు వాన లేనివే. రోడ్డుపై రద్దీ ఎక్కువగా ఉండేదీ ఆ రోజుల్లోనే. మొత్తం లెక్కలో ఎండ రోజుల వాటా ఎక్కువగా ఉండటంలో ఆశ్చర్యం లేదు. వాన పడుతున్న గంటలో బండి నడిపే మనిషికి ముప్పు ఎంత పెరుగుతుందన్నదే అసలు ప్రశ్న. దానికి సమాధానం సాధారణ గణితంలోనే దొరుకుతుంది.

గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళుతున్న బండి సెకనుకు సుమారు 17 మీటర్లు కదులుతుంది. అడ్డంగా వచ్చినదాన్ని చూసి, బ్రేకు వేయాలని మనసు నిశ్చయించేలోగా సెకనున్నర గడుస్తుందనుకుంటే అప్పటికే 25 మీటర్లు గడిచిపోతాయి. పొడి రోడ్డుపై ఆ తర్వాత బండి నిలవడానికి మరో 23 మీటర్లు పడుతుందనుకుందాం. తడి రోడ్డుపై టైరు పట్టు మూడో వంతు తగ్గితే ఆ దూరం 35 మీటర్లకు చేరుతుంది. అంటే 48 మీటర్లలో ఆగవలసిన బండి 60 మీటర్లు పోతుంది. అదే తడి రోడ్డుపై చోదకుడు 40 కిలోమీటర్ల వేగంతో వస్తుంటే 32 మీటర్లలోనే ఆగగలుగుతాడు. తడిలో నెమ్మదిగా వెళ్లేవాడు పొడిలో వేగంగా వెళ్లేవాడికన్నా ముందుగానే నిలుస్తాడన్నమాట. వేగం రెట్టింపయితే బ్రేకు వేశాక సాగే దూరం నాలుగు రెట్లవుతుందన్న సూత్రాన్ని పాఠశాలలో చదువుకున్న మనం రోడ్డెక్కగానే మరచిపోతున్నాం.

నాలుగు చక్రాల వాహనం జారితే పక్కకు తిరుగుతుంది. రెండు చక్రాలది జారితే పడిపోతుంది. మనిషికీ రోడ్డుకూ మధ్య అడ్డుగోడ ఉండదు. అందునా ఎండలు కాసిన తర్వాత పడే తొలి వాన అత్యంత ప్రమాదకరమైనది. నెలల తరబడి రోడ్డుపై పేరుకున్న ఇంజన్ నూనె, టైర్ల అరుగుదల, దుమ్ము తొలి చినుకులతో కలిసి జిగురు పొరగా మారతాయి. గట్టి వాన కొంతసేపు కురిస్తేగాని అది కొట్టుకుపోదు. కాలబైశాఖి తొలి పది నిమిషాల్లో కురిసేది సరిగ్గా ఇటువంటి వానే. దానికి తోడు పాదచారుల దాటుడు గీతల రంగు, మ్యాన్‌హోళ్ల ఇనుప మూతలు, నిర్మాణ స్థలాల వద్ద పరచిన ఇనుప పలకలు తడిసినప్పుడు టైరుకు ఏమాత్రం పట్టునివ్వవు. మలుపు తిరుగుతూ వాటిపై బ్రేకు వేసినవాడు కింద పడక తప్పదు.

న్యూ టౌన్ విషయానికి వస్తే, ఇది యాదృచ్ఛికంగా పెరిగిన ఊరు కాదు. 1999లో ఏర్పడిన పశ్చిమ బెంగాల్ గృహనిర్మాణ మౌలిక వసతుల అభివృద్ధి సంస్థ, అంటే హిడ్కో, రాజర్‌హాట్ ప్రాంతపు పొలాలు, చెరువుల నేలలో గీత గీసి కట్టిన ప్రణాళికా నగరం. ఐటీ సంస్థల ప్రాంగణాలు, బహుళ అంతస్తుల నివాసాలు, 2012లో ప్రారంభమైన ఎకో పార్కు, విమానాశ్రయాన్ని సాల్ట్‌లేక్ దిశగా కలిపే విశాలమైన ప్రధాన రహదారి ఈ నగరానికి ఆధునిక రూపం తెచ్చాయి. కాని నేల స్వభావం మారలేదు. దక్షిణాన 2002లో రామ్‌సర్ జాబితాకెక్కిన తూర్పు కోల్‌కతా చిత్తడి నేలలున్నాయి. వాన నీరు పోవడానికి బాగ్‌జోలా వంటి కాలువలే దిక్కు. భారీ వాన కురిసినప్పుడల్లా పల్లపు కూడళ్లు, అనుబంధ రోడ్లు జలమయం కావడం ఇక్కడివారికి కొత్త కాదు. వాన లేనప్పుడు వెడల్పాటి రోడ్డు వేగాన్ని ప్రోత్సహిస్తుంది. వాన రాగానే అదే రోడ్డు ఆ వేగానికి శిక్ష విధిస్తుంది.

ప్రకృతి ఈ ప్రాంతానికి ఇచ్చిన హెచ్చరికలు తక్కువేమీ కావు. 2020 మే 20న ఆంఫన్ తుపాను కోల్‌కతాను అతలాకుతలం చేసి వేలాది చెట్లను కూల్చింది. న్యూ టౌన్ పక్కనే ఉన్న విమానాశ్రయం నీట మునిగింది. 2025 సెప్టెంబర్ 22 రాత్రి నుంచి 23 ఉదయం వరకు కోల్‌కతాలో కొన్ని గంటల్లోనే 250 మిల్లీమీటర్లకు పైగా వాన కురిసింది. ఆనాటి మృతుల్లో అత్యధికులు నీట మునిగిన వీధుల్లో విద్యుదాఘాతానికి బలయినవారే. నిలిచిన నీటిలో బండి తోసుకుంటూ పోయేవారికి అడుగున తెరచి ఉన్న మ్యాన్‌హోలు కనపడదు, తెగిపడిన తీగా కనపడదు. డిసెంబర్, జనవరి మాసాల తెల్లవారుజాములు మరో ముప్పు. చిత్తడి నేలల మీదుగా కమ్ముకునే పొగమంచులో నిలిచి ఉన్న లారీ వెనుక భాగం దగ్గరకు వచ్చేదాకా తెలియదు.

వానలో మోటార్ సైకిల్ ప్రమాదం చోదకుడి ఒక్కడి విషాదంగా ముగుస్తుందనుకోవడమూ పొరపాటే. 2025 అక్టోబర్ 24 తెల్లవారుజామున కర్నూలు సమీపంలోని చిన్నటేకూరు వద్ద జరిగిన ఘోరం ఇందుకు తార్కాణం. వర్షపు రాత్రి మోటార్ సైకిల్ అదుపుతప్పి పడిపోగా దాన్ని నడుపుతున్న యువకుడు మరణించాడు. అతను మద్యం సేవించి ఉన్నాడని పోలీసులు నిర్ధారించారు. రోడ్డుపై పడివున్న ఆ బండిని హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళుతున్న ప్రైవేటు బస్సు ఢీకొని ఈడ్చుకుపోవడంతో మంటలు చెలరేగి బస్సులోని 19 మంది సజీవ దహనమయ్యారు. మత్తు, తడి, చీకటి, వేగం అనే నాలుగు కారణాలు ఒక్కచోట కలిస్తే నష్టం ఏ స్థాయికి చేరుతుందో తెలుగువారికి ఇంతకన్నా వివరించనక్కరలేదు. ఆ నాలుగింటిలో ఏ ఒక్కటి లేకపోయినా ఎన్నో ఇళ్లలో దీపాలు ఆరిపోయేవి కావు.

కనుక ఆగడమే రక్షణ అని చెప్పేటప్పుడు ఎక్కడ ఆగాలో కూడా చెప్పవలసి ఉంది. వంతెన కింద రోడ్డుమీదనే గుమిగూడటం ఒక ముప్పును తప్పించుకుని మరో ముప్పును కొనితెచ్చుకోవడమే. తెలుగువారు తరతరాలుగా స్థిరపడిన మలేషియా ఈ విషయంలో మనకన్నా ఎంతో ముందుంది. అక్కడి ఫెడరల్ హైవే వెంట మోటార్ సైకిళ్లకే ప్రత్యేకించిన దారి 1970వ దశకంలోనే ఏర్పడింది. కుండపోత వానలకు పేరుపడిన ఆ దేశంలో ప్రధాన రహదారుల పక్కన, వంతెనల దాపున ద్విచక్ర వాహనదారులు ఆగి తలదాచుకోవడానికి పైకప్పు గల నిలుపుదల స్థలాలు కట్టారు. ఇందులో గొప్ప సాంకేతిక రహస్యమేమీ లేదు. వాన పడుతుందనీ, మోటార్ సైకిల్‌పై మనిషి తడుస్తాడనీ, తడిసినవాడు ఆగుతాడనీ రోడ్డు కట్టేవారు ముందుగా గుర్తించడమే ఆ రహస్యం.

న్యూ టౌన్‌లో ఇటువంటి ఏర్పాటుకు స్థలాభావం లేదు. రహదారుల పక్కన విశాలమైన ఖాళీ పట్టీలున్నాయి. విమానాశ్రయం దిశగా ఏళ్ల తరబడి సాగిన మెట్రో నిర్మాణం రోడ్డు పొడవునా స్తంభాలను, వాటిపై వంతెనను నిలిపింది. ప్రధాన రోడ్డు నుంచి పక్కకు మళ్లేలా ఒక చిన్న దారి, తడిసినా జారని నేల, మెరుగైన దీపాలు, వెనుక వచ్చేవారికి కనిపించేలా సూచికలు ఉంటే చాలు. ఫ్లైఓవర్ల వ్యయంతో పోలిస్తే ఇందుకయ్యే ఖర్చు లెక్కలోనిది కాదు. హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం, తిరుపతి నగరపాలక సంస్థలు కూడా తమ రహదారుల వెంట ఇటువంటి స్థలాలను గుర్తించే పని రాబోయే వానాకాలానికి ముందే చేపట్టడం సముచితం. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్‌ను, 2020 అక్టోబర్‌లో హైదరాబాద్ వరదను, 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగును చూసిన మనకు ఇది ముందుచూపు అనిపించుకోదు. ఆలస్యంగానైనా కలిగిన మేలుకోలు మాత్రమే.

చోటు ఉన్నా ఆగలేనివారి సంగతి మరింత ఆలోచించదగినది. న్యూ టౌన్ బహుళ అంతస్తుల్లో ఉన్నవారు వాన పడగానే కిటికీలు మూసి, ఫోనులో భోజనమో, సరుకులో తెప్పించుకుంటారు. వాటిని మోసుకొచ్చేవాడు ఆ వానలోనే బండిపై ఉంటాడు. 2022లో నీతి ఆయోగ్ వెలువరించిన నివేదిక 2020-21లో దేశంలో ఇటువంటి తాత్కాలిక, వేదికాధారిత పనివారు 77 లక్షల మంది ఉన్నారని, 2029-30 నాటికి వారి సంఖ్య 2 కోట్ల 35 లక్షలకు చేరుతుందని అంచనా వేసింది. ద్విచక్ర వాహనాలపై సరుకులు చేరవేసేవారు వీరిలో గణనీయమైన భాగం. వాన పడినప్పుడు గిరాకీ పెరుగుతుంది. దానితోపాటు చేరవేత రుసుమూ పెరుగుతుంది. రోడ్డు ప్రమాదకరంగా ఉన్న సమయంలోనే రోడ్డుపైకి రమ్మని డబ్బు పిలుస్తుంది. పిల్లల ఫీజు కట్టవలసినవాడు ఆ పిలుపును కాదనగలడా? ఆగితే ఆదాయం పోతుంది, ఆలస్యమైతే మార్కులు తగ్గుతాయి అన్న స్థితిలో ఉన్న వ్యక్తికి జాగ్రత్తలు బోధించడం వెక్కిరింపుతో సమానం.

సామాజిక భద్రతా స్మృతి 2020 ఈ వర్గం పనివారిని చట్టరీత్యా గుర్తించింది. అది 2025 నవంబర్ 21 నుంచి అమలులోకి వచ్చింది. గుర్తింపు, నిధి, బీమా అవసరమే. అయితే ప్రమాదం జరిగాక ఇచ్చే పరిహారం కన్నా ప్రమాదం జరగకుండా చూసే నిబంధన విలువైనది. వాతావరణ శాఖ రాబోయే మూడు గంటలకు ఉరుములు, గాలివానల సమాచారాన్ని ప్రాంతాలవారీగా విడుదల చేస్తూనే ఉంది. ఎరుపు హెచ్చరిక వెలువడిన ప్రాంతంలో ద్విచక్ర వాహనాలపై చేరవేతలు నిలిపివేయాలని, ఆగిన సమయానికి పనివారికి కనీస వేతనం చెల్లించాలని, ఆలస్యానికి వారిపై ఎటువంటి చర్యా తీసుకోరాదని ప్రభుత్వాలు నిబంధన విధించవలసి ఉంది. ఆంఫన్ సమయంలో కోల్‌కతాలో ఫ్లైఓవర్లపై రాకపోకలు నిలిపివేసిన యంత్రాంగానికి ఇది అసాధ్యమేమీ కాదు.

చట్టాలకు కొదవ లేదు. కొదవ ఉన్నది అమలుకే. పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం 2016లో సురక్షిత ప్రయాణంపై విస్తృత ప్రచారం ప్రారంభించింది. హెల్మెట్ లేనివారికి పెట్రోలు పోయరాదన్న ఆదేశాలూ కోల్‌కతాలో వచ్చాయి. 2019 సవరణ హెల్మెట్ లేనివారికి వెయ్యి రూపాయల జరిమానాను, మూడు నెలల పాటు లైసెన్సు అనర్హతను విధించింది. 2021 జూన్ 1 నుంచి భారతీయ ప్రమాణాల సంస్థ గుర్తు లేని హెల్మెట్ల తయారీ, అమ్మకం నిషిద్ధం. అయినా రోడ్డు పక్కన నాసిరకం టోపీలు గుట్టలుగా అమ్ముడవుతూనే ఉన్నాయి. నాణ్యమైన హెల్మెట్ మరణ ముప్పును సుమారు 42 శాతం, తలగాయాల ముప్పును సుమారు 69 శాతం తగ్గిస్తుందని వివిధ దేశాల పరిశోధనలను క్రోడీకరించిన అధ్యయనాలు తేల్చాయి. పోలీసును చూసి తలకెక్కించుకునే ప్లాస్టిక్ చిప్పకు ఆ శక్తి లేదు.

వాహన తయారీదారుల బాధ్యతా ఉంది. తడి రోడ్డుపై గట్టిగా బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకుపోయి జారకుండా చూసే ఏబీఎస్‌ను 125 సీసీకి పైబడిన బండ్లన్నిటికీ 2019 ఏప్రిల్ నుంచి తప్పనిసరి చేశారు. సామాన్యుడు కొనేది మాత్రం అంతకన్నా చిన్న బండి. దానికి రెండు బ్రేకులను కలిపి పనిచేయించే సరళమైన ఏర్పాటుతో సరిపెట్టారు. ఈ పరిమితిని తొలగించి అన్ని ద్విచక్ర వాహనాలకు ఏబీఎస్‌ను వర్తింపజేయాలని కేంద్రం 2025 జూన్‌లో ముసాయిదా వెలువరించింది. ఖర్చు పెరుగుతుందన్న పరిశ్రమ వాదనను తోసిపుచ్చలేం. కాని ప్రాణరక్షణ ఖరీదైన బండ్ల యజమానులకే దక్కాలన్న విధానం సమర్థనీయం కాదు. రహదారి రూపకల్పన, నిర్వహణలో లోపం వల్ల మరణం సంభవిస్తే సంబంధిత సంస్థకు లక్ష రూపాయల వరకు జరిమానా విధించే సెక్షన్ కూడా 2019 సవరణలోనే చేరింది. చోదకులపై రోజూ ప్రయోగిస్తున్న చట్టాన్ని గుత్తేదారులపై, అధికారులపై ప్రయోగించడానికి చేయి ఎందుకు రావడం లేదో ప్రభుత్వాలు చెప్పవలసి ఉంది.

ఇంతమాత్రాన చోదకుల బాధ్యత తీరిపోదు. బయలుదేరేముందు ఆకాశాన్నీ, వాతావరణ సూచననూ చూడటం, అరిగిన టైరు మార్చడం, బ్రేకులు, దీపాలు సరిచూసుకోవడం ఎవరికి వారు చేసుకోవలసినవి. వానలో వేగాన్ని మూడో వంతైనా తగ్గించాలి. ముందు వాహనంతో దూరాన్ని రెట్టింపు చేయాలి. బ్రేకులు రెండూ కలిపి నెమ్మదిగా వేయాలి. మలుపులో కాదు, మలుపుకు ముందే వేయాలి. చలవ రంగు అద్దం గల హెల్మెట్ చీకటి వానలో చూపును హరిస్తుంది. తెల్లని అద్దమే మేలు. వెనుక కూర్చున్నవారు గొడుగు విప్పితే గాలి బండిని లాగివేస్తుంది. వదులుగా వేలాడే వానకోటు, చీరకొంగు చక్రంలో చిక్కుకుంటాయి. లోతు తెలియని నీటిలోకి బండి దింపరాదు. ఉరుములు మెరుపుల్లో చెట్టు కింద, పెద్ద ప్రకటన ఫలకాల కింద నిలవరాదు. నాలుగేళ్లలోపు పిల్లలకు రక్షణ పట్టీ, హెల్మెట్ ఉండాలని, వారితో వెళ్లేటప్పుడు వేగం 40 కిలోమీటర్లు మించరాదని 2022లో ప్రకటించిన నిబంధనలు చెబుతున్నాయి. వాన రోజున ఆ పిల్లలను బండి ఎక్కించకపోవడమే ఉత్తమం.

ఆగితే పని చెడుతుందనీ, బతుకు నడవదనీ అనేవారి మాటలో నిజం లేకపోలేదు. అందుకే ఆగడాన్ని వ్యక్తి వివేకానికే వదిలివేయరాదు. కార్యాలయాలు గాలివాన హెచ్చరిక ఉన్న సాయంత్రం ఉద్యోగులను ఒక గంట ముందో, వాన వెలిశాకనో పంపవచ్చు. గృహసముదాయాలు తమ ద్వారం వద్ద చేరవేతదారు తలదాచుకునేందుకు చోటివ్వవచ్చు. వస్తువు తెప్పించుకునేవారు అరగంట ఓపిక పట్టవచ్చు. ఇవేవీ కోట్లతో కూడిన పథకాలు కావు.

కాలబైశాఖి చాలాసార్లు గంటలోపే తెరిపి ఇస్తుంది. వానకు రోడ్డుపై పోతున్న ప్రాణాల్లో అనేకం ఆ గంట ఆగలేక పోతున్నవే. వానను ఆపడం ప్రభుత్వం చేతిలో లేదు. వానలో మనిషి ఆగడానికి నాలుగడుగుల చోటు, ఆగినందుకు కూలి పోదన్న భరోసా కల్పించడం దాని చేతిలో ఉంది. కొత్త నగరాలు కట్టామని గర్వించే పాలకులు ఆ నాలుగడుగుల చోటును వచ్చే వైశాఖంలోగా చూపించాలి.